అల్లరి పద్దులు

మన విద్యాలయ పత్రికలో ప్రతి ఏడూ క్రమశిక్షణ మీద ఒక వ్యాసం ఉంటుంది. హిందీ విభాగంలోనో ఇంగ్లీషు విభాగంలోనో, ఎక్కడో ఒకచోట చీమల బారు, తేనెటీగల పట్టు, వేళ తప్పని సూర్యుడు తప్పకుండా కనబడతాయి. ఈసారి ఆ వంతు తెలుగు విభాగానికి వచ్చింది. చీమలను కాసేపు వాటి దారిన వదిలేసి, స్టాఫ్‌రూం బీరువాలో పై అరలో ఉండే క్రమశిక్షణ రిజిస్టరు గురించి రాద్దామనుకున్నాం.

బదిలీ ఉద్యోగంలో ఉన్న మాబోటి వాళ్ళకు ఆ పుస్తకంతో బాగా పరిచయం. ముప్పైల్లో ఉండగానే అయిదు చోట్ల పెట్టె దించాం. ఊరు మారింది, అన్నం మారింది, పిల్లలు పలికే యాస మారింది. రిజిస్టరు గళ్ళు మాత్రం ఎక్కడా మారలేదు: తేదీ, పేరు, తరగతి, చేసిన తప్పు, తీసుకున్న చర్య, సంతకం. హిందీ ప్రాంతంలో అట్ట మీద 'అనుశాసన్ పంజీ' అని రాసి ఉంటుంది. అందులో ఎక్కిన పేరు మళ్ళీ మళ్ళీ ఎక్కుతుంది. ఏడాది చివర ఎవరైనా ఆ పుస్తకం తిప్పితే పేర్లే చూస్తారు. ఎవడి పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెడతారు. అక్కడితో దాని పని అయిపోతుంది.

ఇప్పుడు అందరి నోటా 'డేటా' అనే మాట వినబడుతోంది. గాంధీనగర్‌లో విద్యా సమీక్షా కేంద్రం మొదలయ్యాక ఇతర రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. హాజరు, మార్కులు, మధ్యాహ్న భోజనం, అన్నీ తెర మీద గీతలై కనబడుతున్నాయి. పిల్లల నడవడిని కూడా ఇలాగే లెక్కలోకి తెస్తే బడి బాగుపడుతుందా అని మాకు ప్రశ్న. బాగుపడుతుందనే మా అభిప్రాయం. అయితే ఆ లెక్క ఏ గడి దగ్గర మొదలుపెడతామన్న దాన్ని బట్టి ఉంటుంది.

పిల్లల నడవడిని లెక్కించడం మన తెలుగు బడులకు కొత్తేమీ కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక వాటిలో పేరున్నది. జిల్లాలో 533 బడులు ఉన్నాయనీ, వాటిలో 226 తెలుగువనీ అందులో ఉంది. ఆ బడుల్లో పొద్దున్నే జరిగే తంతును కూడా ఆయన రాశాడు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు, మెప్పూ లేదు తిట్టూ లేదు అని. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. అలా వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్క దెబ్బ పెరుగుతూ పోతుంది. సోమరిపోతును రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీస్తారు. మన తాతలు 'కోదండం' అని చెప్పుకున్నది అదే.

ఆలోచిస్తే అది చాలా పక్కా లెక్క. పుస్తకం అక్కర్లేదు, అరచేయే రిజిస్టరు. కానీ ఆ లెక్కలో ఉన్నది ఒకే గడి: నువ్వు ఎన్నోవాడివి? ఇరవయ్యోవాడి ఇల్లు వాగు అవతల ఉందా, పొద్దున్నే గొడ్లకు నీళ్ళు పెట్టి రావాలా అన్న గడి లేదు. రోజూ ఆఖరున వచ్చేవాడు రోజూ ఆఖరునే వస్తాడు, దెబ్బల వల్ల ఇల్లు దగ్గరికి జరగదు కాబట్టి. పిల్లలను కొట్టడమేమిటని మన భాషలో గట్టిగా అడిగిన చలం 'బిడ్డల శిక్షణ' రాసే నాటికి ఆ అరచేతి లెక్కకు వందేళ్ళు దాటాయి. ఆయన బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాడు కూడా. బెత్తం చట్టప్రకారం పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా దండించడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పోయాక మా చేతిలో పెన్ను మిగిలింది. దాంతో రిజిస్టర్లు లావెక్కాయి.

రాయపూర్ సంగతికి వస్తాం. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా ఈ ఊరికి 1931లో రైలు దారి పూర్తయింది. ఆ దారి వెంట మన ఉత్తరాంధ్ర వాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. రైల్వే కాలనీల్లో నడుస్తుంటే వాకిట్లో తెలుగు ముగ్గు, లోపల తెలుగు తగువు రెండూ ఎదురవుతాయి. అయినా మన విద్యాలయంలో మేము తెలుగు చెప్పేది ఎక్కువగా ఛత్తీస్‌గఢీ పిల్లలకు, మూడో భాషగా. మూడో భాష పంతులంటే పిల్లలకు అంత భయం ఉండదు. 'ళ' పలకలేక నాలుక మడతేసుకుని వాళ్ళు నవ్వుతారు, మేమూ నవ్వుతాం. ఆ చనువులో వాళ్ళు చెప్పే కబుర్లకూ, రిజిస్టరులో వాళ్ళ గురించి ఉన్న రాతలకూ పొంతన కుదిరేది కాదు. గణితం మేడమ్‌గారు కూడా ఇదే మాట అన్నారు. దసరా సెలవుల్లో పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళాక, గడిచిన ఏడాది పద్దులన్నీ ముందేసుకుని కూర్చున్నాం.

"పేర్ల గడి మీద స్కేలు పెట్టేయండి సార్. పేరు కనబడితే మన కళ్ళు ఇంక పక్క గడికి పోవు," అన్నారు ఆవిడ.

ఆ ఒక్క స్కేలుతో పుస్తకం మారిపోయింది. పేర్లు మాయమయ్యాక మిగిలినవి తేదీలు, తరగతులు, తప్పులు. తప్పు పక్కన ఎవరో ఒకరు ఎక్కడ జరిగిందో కూడా రాసి ఉంటారు కదా, వాటిని ఏరి చార్టు మీద గీతలు పెట్టుకుంటూ పోయాం. పాలు పోసేవాడు గోడ మీద బొగ్గుతో పెట్టుకునే గీతల్లాగే: నాలుగు నిలువు, అయిదోది అడ్డం. సాయంత్రానికి ఒక్కచోట గీతలు గుంపు కట్టాయి. తోసుకోవడం, తిట్టుకోవడం, చొక్కా పట్టుకోవడం, కంచంతో కొట్టడం, వీటిలో సగానికి మించి భోజనశాల బయట కుళాయిల దగ్గర జరిగినవే. అదీ మధ్యాహ్నం భోజనం గంటకూ, పంక్తిలో కూర్చోవడానికీ నడుమ ఉన్న కొద్ది నిమిషాల్లో.

దీనికి మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదు. 6 నుంచి 12 వరకు అన్ని తరగతులకూ ఒకే గంట. అందరికీ ఒకే ఆకలి. చేతులు కడుక్కోవడానికి ఉన్నవి గుప్పెడు కుళాయిలు. పన్నెండో తరగతి కుర్రాడు వెనక నుంచి చెయ్యి చాపితే ఆరో తరగతి వాడి తల ఆ చేతి కింద ఉంటుంది. ఈ సంగతి అందరూ రోజూ చూస్తున్నదే, కానీ రిజిస్టరులో అది ఒక్కొక్క పిల్లవాడి ఒక్కొక్క నేరంగా, వేరు వేరు పేజీల్లో, వేరు వేరు సంతకాలతో పడి ఉంది. ఒకచోట చేరిస్తే గానీ అది కుళాయి సమస్య అని కనబడలేదు. ప్రిన్సిపాల్‌గారు చార్టు చూసి ఎక్కువ మాట్లాడలేదు. ఆ సోమవారం నుంచి చిన్న తరగతులకు పది నిమిషాలు ముందు గంట కొట్టించారు. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరి తల్లిదండ్రులనూ పిలిపించలేదు. డిసెంబరులో మళ్ళీ గీతలు పెట్టి చూస్తే కుళాయిల గుంపు పలచబడింది. పూర్తిగా పోలేదు. పిల్లలు పిల్లలే కదా.

ఇలా లెక్కించడం మేము కనిపెట్టిన విద్య కాదు. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు బడుల కోసం ఇలాంటి పద్ధతినే కంప్యూటరు మీద తయారుచేశారు. పిల్లవాడిని హెడ్‌మాస్టరు గదికి పంపినప్పుడల్లా ఒక చీటీ నింపుతారు. రోజుకు సగటున ఎన్ని చీటీలు, ఏ రకం తప్పులు, ఏ చోట, ఏ వేళ, ఎవరు అని అయిదు పటాలు వస్తాయి. మాకు నచ్చింది ఆ వరుస. 'ఎవరు' అన్నది చివరి పటం. మన పుస్తకంలో అదే మొదటి గడి.

గుంపు కట్టిన గీతలు ఇంకోచోట కూడా ఉన్నాయి. ఆ చోటు గురించి రాయడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. తల్లిదండ్రులు వచ్చే ఆదివారం సాయంత్రాలు. నెలకోసారి ఇంటి నుంచి వస్తారు. చెట్ల కింద దుప్పట్లు పరిచి, డబ్బాలు విప్పి ఠేఠరీలు, ఖుర్మీలు పెడతారు. మన జంతికలకూ, తీపి తునకలకూ దగ్గరి చుట్టాలు అవి. అయిదింటికి అందరూ వెళ్ళిపోతారు. ఆ రాత్రి హాస్టల్లో ఏదో ఒకటి పగులుతుంది: బకెట్టో, ట్యూబులైటో, ఎవడి ముక్కో. ఇంటి మీద బెంగ వల్ల అని మేమంతా అనుకునేవాళ్ళం. పేర్ల మీది స్కేలు ఈసారి తియ్యక తప్పలేదు, సందర్శకుల పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూడాలి కాబట్టి. తీసి చూస్తే, ఆ రాత్రుల గొడవల్లో పేరున్న పిల్లల్లో ఎక్కువమందికి ఆ రోజు ఎవరూ రాలేదు.

కొందరికి రాయపూర్ దూరం. కొందరి తండ్రులు పని వెతుక్కుంటూ వేరే రాష్ట్రాలకు పోయారు. ఒక పిల్లకు అమ్మమ్మ తప్ప ఎవరూ లేరు, ఆవిడ బస్సెక్కలేదు. పక్కవాడు ఖుర్మీల డబ్బా మంచం కింద దాచుకుంటుంటే చూసిన పిల్లవాడు, ఆ డబ్బాను తన్నాడు. రిజిస్టరులో 'సహవిద్యార్థి వస్తువును ధ్వంసం చేశాడు' అని ఉంది. అబద్ధం కాదు. ధ్వంసం చేశాడు.

ఇప్పుడు ఆ ఆదివారం పొద్దున్నే ఎవరికి ఎవరు వస్తున్నారో హౌస్ కెప్టెన్లు జాబితా ఇస్తారు. ఎవరూ రానివాళ్ళకు మధ్యాహ్నం భోజనం కాగానే ఇంటికి ఫోను మాట్లాడే వంతు మొదట వస్తుంది. సాయంత్రం నాలుగు నుంచి మేము కొందరం వాళ్ళతో ఉంటాం. ఒకసారి బూఢా తాలాబ్‌కు తీసుకెళ్ళాం. చిన్నప్పుడు రెండేళ్ళు వివేకానందుడు ఈ ఊళ్ళో పెరిగాడు కదా, ఆయన పేరే ఇప్పుడు ఆ చెరువుకు. పిల్లలు ఆయన విగ్రహాన్ని చూసిన దానికంటే మొక్కజొన్న పొత్తుల బండిని ఎక్కువసేపు చూశారు. ఆ రాత్రి ఏమీ పగల్లేదు. ఒక్క రాత్రితో ఏదీ రుజువు కాదని గణితం మేడమ్‌గారు వెంటనే హెచ్చరించారు. సరే, ఇంకా లెక్కిస్తున్నాం.

పుష్య పూర్ణిమ దగ్గర 'సెలవు దాటి వచ్చాడు' అనే పద్దులు వరసగా ఉన్నాయి. కారణం ఛేర్‌ఛేరా. కోతలు అయ్యాక పిల్లలు సంచులు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి కొత్త ధాన్యం అడిగే పండుగ. ఎవరూ లేదనకూడదు. ఆ పండుగను చూస్తే తెలుగువాళ్ళకు దసరా గుర్తుకు రావాలి. గిలక బాణాలు పట్టుకున్న పిల్లలను వెంటేసుకుని పంతులే ఇంటింటికీ తిరిగి పద్యాలు చదివించి, మామూళ్ళు పుచ్చుకున్న బడి మనది. పిల్లలు ఇల్లిల్లూ తిరగడం అక్కడ సంప్రదాయం, ఇక్కడ ఆలస్యం! ఈ పద్దుకు చికిత్స క్యాలెండరులో ఉంది. సెలవు చీటీ ముందే రాసిపెట్టుకోమంటే సరిపోతుంది.

గీతలు గుంపు కట్టిన చోట్లే చూస్తూ పోతే ఇంకో పొరపాటుకు దారి ఉంది. మా చార్టులో ఆడపిల్లల హాస్టలు గడి దాదాపు ఖాళీ. చూసినవాళ్ళు ఆడపిల్లలు బుద్ధిమంతులని సంతోషించారు. మేడమ్‌గారు సంతోషించలేదు. ఆవిడ వెళ్ళి రెండు సాయంత్రాలు పిల్లలతో కూర్చుని వచ్చారు. ఒక గదిలో ఒక పిల్లతో నెల రోజులుగా ఎవరూ మాట్లాడటం లేదు. కొట్టలేదు, తిట్టలేదు, వస్తువు పగలగొట్టలేదు. మాట్లాడటం మానేశారు, అంతే. దానికి రిజిస్టరులో గడి లేదు కాబట్టి పద్దు లేదు. చప్పుడు చేసే అల్లరినే మనం లెక్కిస్తాం. నడవడి లెక్కలు వేసే ఏ యంత్రానికైనా ఈ లోపం ఉంటుంది: ఖాళీ గడి అంటే శాంతి అనుకుంటుంది.

ఇంకొక సంగతి ఉంది. అది రాయపూర్‌ది కాదు, ఇంతకుముందు మేము పనిచేసిన ఒక విద్యాలయంలోది. ఊరు పేరు అనవసరం. నవోదయ వలస పథకం మన పాఠకులకు తెలిసిందే. 9వ తరగతిలో 30 శాతం పిల్లలు ఒక ఏడాది పాటు హిందీ ప్రాంతం నుంచి హిందీయేతర ప్రాంతానికీ, అక్కడివాళ్ళు ఇక్కడికీ వెళ్ళి చదువుకుంటారు. దేశంలో ఇంత మంచి ఆలోచన ఇంకోటి ఉందా అని మాకు అనుమానమే. అలా శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడి పేరు మీద మూడున్నర నెలల్లో పేజీ నిండిపోయింది. అంత లావు పేజీ ఇంకెవరికీ లేదు. కుర్రాణ్ణి వెనక్కి పంపేద్దామని సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. ఒక్క రోజు గడువు అడిగి ఆ పేజీ తీసుకొచ్చి కూర్చున్నాం.

పద్దులు ఇలా ఉన్నాయి: 'జవాబు చెప్పకుండా నిలబడ్డాడు'. 'పిలిస్తే క్యా అని ఎదురు ప్రశ్న వేశాడు'. 'అధ్యాపకుణ్ణి తుమ్ అన్నాడు'. 'అర్థమైందా అంటే తల అడ్డంగా ఊపాడు'. తెలుగు తెలిసినవాడెవడికైనా వీటిలో నేరం కనబడదు. పిలిస్తే "ఏంటి సార్?" అనడం మన దగ్గర మామూలు మర్యాదే. దాన్ని మాటకు మాట మారిస్తే "క్యా సర్?" అవుతుంది. అక్కడి చెవికి అది పొగరు, వాళ్ళు ఎదురుచూసేది "జీ సర్". మన 'మీరు'కు 'ఆప్', 'నువ్వు'కు 'తుమ్' అని నోటికి అలవాటు కావడానికి ఏడాది పడుతుంది. తల అటూ ఇటూ ఊపితే మనకు 'సరే', చూసేవాళ్ళకు 'ఊహూఁ'.

కుర్రాణ్ణి పిలిచి అడిగాం. "ఏం బాబూ, అడిగితే జవాబు చెప్పవటగా?"

"సెప్దామనే నిలబడతాను సార్. తెలుగులో వచ్చేస్తాది. హిందీలోకి మార్సేసరికి సార్ పక్కోడి దగ్గరికి ఎలిపోతారు."

ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. రెండు సంగతులు మాత్రం పద్దులను వరస మార్చి పేర్చితేనే తెలిశాయి. మొదటిది: లెక్కల పీరియడ్‌లో, ఆటల్లో, సంగీతంలో ఆ కుర్రాడి మీద ఒక్క పద్దు లేదు. మాటతో పెద్దగా పనిలేని చోట వాడు మామూలు పిల్లవాడు. రెండోది తేదీలు. పద్దుల్లో చాలా భాగం మొదటి రెండు నెలలవి. తర్వాత వారానికి ఒకటి, తర్వాత పదిహేను రోజులకు ఒకటి. అంటే వాడు నేర్చుకుంటున్నాడు. కానీ పేజీకి ఆ సంగతి తెలియదు. పేజీ పెరగడమే గానీ తరగడం ఎరగదు. మొత్తం చూస్తే కుర్రాడు రోజురోజుకూ చెడిపోతున్నట్టుంది, తేదీలు చూస్తే బాగుపడుతున్నాడు. ఇంటికి పంపేయాలన్న రోజుకు గడిచిన మూడు వారాల్లో వాడి మీద ఉన్నది ఒకే ఒక్క పద్దు.

ఈ రెండు సంగతులూ సమావేశంలో చెప్పాం. కుర్రాడు ఉండిపోయాడు. ఏడాది పూర్తి చేసుకుని మిగతా పిల్లలతో పాటు రైలెక్కాడు. వాడి కాగితాల్లో మార్కులు, హాజరు పంపారు, ఆ పేజీ పంపలేదు. పంపి ఉంటే శ్రీకాకుళంలో వాళ్ళ సొంత విద్యాలయం దాన్ని చదివి, తెలుగు గడ్డ మీద తెలుగు పిల్లవాడు ఏ నేరం చేశాడా అని తల పట్టుకునేది.

దీనికి రెండో వైపు చెప్పకపోతే అన్యాయం. హిందీ ప్రాంతం నుంచి మన జిల్లాలకు వెళ్ళే పిల్లలు మొదట నేర్చుకునేది 'నువ్వు'. పంతుల్నీ, ప్రిన్సిపాల్‌నీ "నువ్వు ఎప్పుడు వచ్చావు సార్?" అంటారు. స్టాఫ్‌రూంలో దాన్ని చెప్పుకుని మురిసిపోతాం, రిజిస్టరులో రాయం. ఒకే తప్పు ఒకచోట ముద్దు, ఒకచోట నేరం. అందుకే పద్దు ఎవరు రాశారన్న గడికి కూడా లెక్క ఉండాలంటాం. సంతకం అందుకు కూడా పనికొస్తుంది.

సంతకాల మాట ఎవరికీ రుచించదు, తెలుసు. కానీ ఇది ఒక్క మన పిల్లల బాధ కాదు. అమెరికా విద్యాశాఖ 2011-12 విద్యాసంవత్సరానికి దేశమంతా లెక్క తీసి 2014లో ప్రకటించింది. ఇంకా ఒకటో తరగతికైనా రాని శిశుతరగతుల పిల్లల్లో నల్లజాతి పిల్లలు 18 శాతం. ఒకటి కంటే ఎక్కువసార్లు బడి నుంచి పక్కన పెట్టిన వాళ్ళలో మాత్రం వాళ్ళు 48 శాతం. నాలుగేళ్ళ పిల్లలు! విడివిడిగా చూస్తే ప్రతి బడికీ తన కారణాలు ఉండి ఉంటాయి. అన్నీ కలిపితే కనబడింది పిల్లల నడవడి కంటే పెద్దల చూపు. నడవడి లెక్కల వల్ల నిజమైన మేలు జరిగితే ఇక్కడే జరుగుతుందని మా నమ్మకం. లెక్క తీసేవాళ్ళు ఆ అద్దంలో తామూ కనబడటానికి ఒప్పుకోవాలి.

పేర్లు దాచాలని ఇంతసేపు రాశాం గనుక ఒక మాట. ఒకడు ఇంకొకణ్ణి వేటాడి హింసిస్తున్నప్పుడు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ జోలికి పోయినప్పుడు స్కేలు పెట్టి కూర్చోకూడదు. అక్కడ పేరే ముఖ్యం, ఆ గంటలోనే పైకి చెప్పాలి. వాటికి వేరే దారి, వేరే చట్టాలు ఉన్నాయి. మేము చెబుతున్నది కుళాయి దగ్గర తోపులాటల గురించి, 'క్యా సర్'ల గురించి. రిజిస్టరులో నూటికి తొంభై అవే ఉంటాయి, తిప్పి చూసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఈ పద్దులను కంప్యూటరు ఎక్కిద్దామన్న ఆలోచన మన దగ్గరా వచ్చింది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కించి, వాళ్ళ నడవడిని వెంటాడి నమోదు చేయడాన్ని నిషేధించింది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు చదువుకూ పిల్లల భద్రతకూ అవసరమైనంత మేరకు బడులకు మినహాయింపు ఇచ్చాయి. అవసరమైనంత అంటే ఎంత? కుళాయిల దగ్గర ఏ వేళ తోపులాట జరుగుతోందో తెలియడం అవసరం. ఆరో తరగతిలో డబ్బా తన్నినవాడి పేరు వాడు పన్నెండుకు వచ్చేదాకా తెర మీద నిలిచి ఉండటం ఎవరికి అవసరం? కాగితం రిజిస్టరుకు ఈ చట్టం వర్తించదనుకోండి. కాగితానికి ఉన్న సుగుణం వేరు. అది చెదలు పడుతుంది, అట్ట ఊడుతుంది, బీరువా వెనక పడిపోతుంది. పిల్లవాడు పెద్దవాడయ్యేసరికి అది మరచిపోతుంది. కంప్యూటరుకు మరుపు మనం నేర్పాలి.

జనవరి సమావేశంలో దీని మీద గట్టిగానే వాదన జరిగింది. పేరు చివరి గడిలోకి పోతే పిల్లలకు భయం పోతుందని కొందరన్నారు. ఏడాది చివర పేజీ మూసేస్తే ఇన్నాళ్ళు రాసిందంతా దండగ కదా అని ఇంకొకరు. హిందీ సర్‌గారు మాత్రం, "ముందు ఏం జరిగింది అన్న గడి పెట్టండి. నేను ఎప్పుడూ అది రాద్దామనుకుంటాను, చోటు ఉండదు," అన్నారు. ఆ గడి ఆయన మాట మీదే వచ్చింది. చివరికి ఒక టర్ము పాటు కాగితం మీదే చేసి చూద్దామని ప్రిన్సిపాల్‌గారు తేల్చారు. గోల్ బజార్‌లో ఒక ప్రెస్సు వాడి దగ్గర కొత్త గళ్ళు గీయించాం: చోటు, వేళ, ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, మనం ఏం చేశాం, రాసినవారు, ఆఖరున పేరు. ప్రెస్సు వాడు రెండుసార్లు ఫోన్ చేసి అడిగాడు, పేరు ఆఖరున పడింది సర్, ముందుకు మార్చమంటారా అని.

ఆ పుస్తకంలో మొదటి పద్దు గణితం మేడమ్‌గారిది. చోటు: భోజనశాల కుళాయిలు. వేళ: మధ్యాహ్నం. ముందు ఏం జరిగింది: రెండో కుళాయి పొద్దుటి నుంచి రావడం లేదు. తర్వాత ఏం జరిగింది: తోపులాట, ఒక కంచం సొట్ట. మనం ఏం చేశాం: ప్లంబరుకు కబురు పెట్టాం. పేరు గడి దగ్గర ఆవిడ చిన్న అడ్డగీత పెట్టారు. ప్లంబరు గురువారం వస్తానన్నాడు.